మూడుల్‌లో కోర్సు నడపమన్నారు, పీడీఎఫ్‌లు పడేసే గోడౌన్ అయిపోకుండా ఎలా వాడాలి?

కోనసీమ_ఎకో

అందరికీ నమస్తే అండి. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, పదకొండేళ్ళయింది. ఈ సెమిస్టర్ నుంచి ప్రతి లెక్చరరూ కనీసం ఒక పేపరైనా మూడుల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లో నడపాలన్నారు, ఒక పూట ట్రైనింగ్ కూడా పెట్టారు కానీ లాగిన్ ఎలా అవ్వాలి, ఫైల్ ఎలా ఎక్కించాలి, అక్కడితో అయిపోయింది. నాది ఫస్టియర్ మైక్రో ఎకనామిక్స్, 112 మంది పిల్లలు, సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందరివీ ఫోన్లే, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకులు.

నా బాధ ఏంటంటే 2020 లాక్‌డౌన్‌లో నేను గూగుల్ క్లాస్‌రూమ్‌లో చాలా కష్టపడి నోట్స్ పెట్టాను, రాత్రిళ్ళు కూర్చుని టైప్ చేసి, బొమ్మలు గీసి, వీడియోలు తీసి, ప్రతి యూనిట్‌కీ నాలుగైదు ఫైళ్ళు పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అర్థమవుతోంది అనుకున్నాను. సెమిస్టర్ చివర పేపర్లు దిద్దేటప్పుడు తెలిసింది, డిమాండ్ రేఖ ఎందుకు కిందికి వాలుతుందో కూడా సగం మందికి తెలీదు. ఆ పేపర్ల కట్ట ముందు కూర్చున్న రోజు నేను మర్చిపోలేను, పిల్లలది తప్పు కాదు, నాలుగు నెలలు నేను గోడకి చెప్పినట్టు చెప్పాను. మళ్ళీ అలా అవ్వకూడదు.

అందుకే అడుగుతున్నాను, దీన్ని పాఠం కోసం నిజంగా వాడినవాళ్ళు చెప్పండి. ముందు దేనితో మొదలెట్టాలి? క్విజ్‌లకి ఇంటర్నల్ మార్కులు కలపాలా వద్దా? 112 మంది అసైన్‌మెంట్లు నేను ఒక్కదాన్నే దిద్దాలి, వారానికి 16 గంటల క్లాసులు ఉన్నాయి, ఎలా? ఫోన్‌లో ఇదంతా నడుస్తుందా? తెలుగులో ప్రశ్నలు పెట్టొచ్చా? ఏది తెలిస్తే అది చెప్పండి, పెద్దగా రాసినా చదువుతాను.

పాత_సుద్దముక్క

మేడం, నేను ఫిజిక్స్, వరంగల్ దిక్కు. 2012 నుంచి మూడుల్ వాడుతున్న. మొదటి రెండేళ్ళు నేనూ మీలెక్కనే ఫైళ్ళు పెట్టిన, అందుకే మీ బాధ నాకు తెల్సు.

ఒక్క మాట ముందు చెప్తా. ఈ మూడుల్‌ని తయారుచేసిన మార్టిన్ డూగియామాస్ ఆస్ట్రేలియాల పెర్త్ నగరంల ఉండేవాడు, 2002 ఆగస్టుల మొదటి వెర్షన్ బయటికొచ్చింది. పిల్లలు తాము ఏదన్న చేస్తూ, ఒకరితో ఒకరు మాట్లాడుతూ నేర్చుకుంటరు అనే ఆలోచన మీదనే ఆయన దాన్ని కట్టిండు. అందుకే అండ్ల క్విజ్, ఫోరం, గ్లాసరీ, వికీ, వర్క్‌షాప్ ఇన్ని ఉన్నయి. ఫైల్ పెట్టుడు అనేది అండ్ల ఒక చిన్న మూల. మనకు ట్రైనింగ్‌ల ఆ మూల ఒక్కటే చూపిస్తరు.

మీరు వారానికి ఒక చిన్న క్విజ్‌తోని మొదలుపెట్టండి, ఇంకేం వద్దు. ఆరు ప్రశ్నలు చాలు, పిల్లలకు పది నిమిషాల పని. కానీ ప్రశ్నలు ఎట్ల రాయాల్నంటే, మీ పాత ఆన్సర్ పేపర్లు గుర్తు తెచ్చుకోండి, పిల్లలు యేటా చేసే తప్పులు మీకు నోటికి వచ్చి ఉంటయి కదా, ఆ తప్పులే తప్పు ఆప్షన్లుగ పెట్టాలె. నేను పైకి విసిరిన రాయి గురించి అడుగుత, ఎత్తు చివరల వేగం సున్న అయితది, అప్పుడు త్వరణం ఎంత అని. సున్న అని పెట్టేటోళ్ళు ప్రతి బ్యాచ్‌ల సగం మంది ఉంటరు. ఉత్తగ పెట్టిన ఆప్షన్ అయితే ఎవ్వరూ ఎంచుకోరు, మీకేం తెల్వది. మూడుల్‌ల ప్రతి ఆప్షన్ కింద ఫీడ్‌బ్యాక్ అని ఒక డబ్బా ఉంటది, అండ్ల రెండు లైన్లు రాయండి, తప్పు అని కాదు, ఆ తప్పు ఎందుకు చేస్తరో పట్టుకుని రాయాలె. ఎవడు ఆ ఆప్షన్ నొక్కితే వానికి ఆ మాట కనిపిస్తది, మీరు రాత్రి పదకొండు గంటలకు వాని పక్కన కూర్చుని చెప్పినట్టే.

ఇగ అసలు సంగతి. క్విజ్ అయినంక రిపోర్ట్ చూడకపోతే ఇదంత దండగ. రిజల్ట్స్‌ల రెస్పాన్సెస్ ఉంటది, స్టాటిస్టిక్స్ ఉంటది, స్టాటిస్టిక్స్‌ల ఫెసిలిటీ ఇండెక్స్ అని ప్రతి ప్రశ్నకూ వస్తది, క్లాస్ మొత్తం సగటున ఆ ప్రశ్నకు ఎన్ని మార్కులు తెచ్చుకున్నదో శాతంల చూపిస్తది. క్లాసుకు పోయే ముందట అయిదు నిమిషాలు అది చూసి, అన్నిటికన్న తక్కువ వచ్చిన ప్రశ్నతోని పాఠం మొదలుపెట్టండి. పిల్లలకు సార్ మన జవాబులు చూసిండు అని తెలుస్తది. అది తెల్సిన వారం నుంచి క్విజ్ రాసేటోళ్ళు పెరుగుతరు, నా అనుభవంల ప్రతిసారి గట్లనే అయింది.

క్విజ్ అంటే పరీక్ష అనుకుంటం, కానీ యాది తెచ్చుకునే ప్రయత్నమే చదువు. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాల 2006ల ఒక ప్రయోగం చేసిన్రు. కొంతమందితోని పాఠం మళ్ళ మళ్ళ చదివించిన్రు, కొంతమందితోని పాఠం మూసి గుర్తున్నది రాయించిన్రు. అయిదు నిమిషాలకు అడిగితే చదివినోళ్ళే ఎక్కువ చెప్పిన్రు, వారం తర్వాత అడిగితే మాత్రం గుర్తుచేసుకుని రాసినోళ్ళకే ఎక్కువ మిగిలింది. మన పిల్లలు పరీక్ష ముందు రాత్రి నోట్స్ ఆరుసార్లు తిప్పుతరు, అన్ని వచ్చినట్టే అనిపిస్తది, అదే మోసం.

మార్కులు మాత్రం కలపకండి. మార్కు వచ్చిందంటే కాపీ వస్తది, అప్పుడు రిపోర్ట్‌ల కనిపించేది వాళ్ళకు ఏం వచ్చో కాదు, ఎవరి వాట్సాప్ గ్రూపు పెద్దదో అది.

కోనసీమ_ఎకో

సార్ చాలా థాంక్స్, పాత పేపర్లలో తప్పుల నుంచి ఆప్షన్లు అన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు, నా దగ్గర అలాంటి తప్పులు ఒక పుస్తకం అంత ఉన్నాయి. కానీ మార్కులు అసలు లేకపోతే రాస్తారా సార్? మా పిల్లలు పొద్దున్న ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళేవాళ్ళు.

సర్వర్‌రూమ్

నేను లెక్చరర్‌ని కాదు, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడుల్ సర్వర్ చూసుకుంటా. మేడం మీరు పాఠం సంగతి చూసుకోండి, నేను మొదటి వారంలో ఎక్కడ ఆగిపోతారో చెప్తా, ఎందుకంటే ప్రతి జూన్‌లో అవే ఫోన్లు వస్తాయి నాకు.

మొదటిది ఫైల్ సైజు. మూడుల్ నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద, అందులో అప్‌లోడ్ లిమిట్ డిఫాల్ట్‌గా 2 ఎంబీ ఉంటుంది, మీ అడ్మిన్ దాన్ని మార్చకపోతే పిల్లలు ఫోన్‌లో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసిన అసైన్‌మెంట్ ఎక్కదు, వాళ్ళు సైట్ పనిచేయట్లేదు అనుకుని వాట్సాప్‌లో పంపేస్తారు, అంతే ఇక మీరు మళ్ళీ వాట్సాప్‌లో ఇరుక్కుంటారు. ముందే అడ్మిన్‌తో మాట్లాడి పెంచమనండి, పిల్లలకి కూడా కెమెరాతో కాకుండా స్కానర్ యాప్‌తో బ్లాక్ అండ్ వైట్‌లో తీయమనండి, పది పేజీలు ఒక ఎంబీ దగ్గరలో వచ్చేస్తాయి.

రెండోది క్విజ్ టైం. పొద్దున్న పదింటికి ఓపెన్, పదిం పావుకి క్లోజ్ అని పెట్టకండి దయచేసి. 112 మంది ఒకే నిమిషంలో స్టార్ట్ నొక్కితే చిన్న సర్వర్ తట్టుకోదు, మీ క్లాసే కాదు అదే టైంకి ఇంకో డిపార్ట్‌మెంట్ కూడా పెడుతుంది. శుక్రవారం సాయంత్రం తెరిచి ఆదివారం రాత్రి దాకా ఉంచండి. టైం లిమిట్ పెట్టినా పిల్లవాడు ఎప్పుడు మొదలెడితే అప్పటి నుంచి లెక్క. రాస్తుండగా నెట్ పోయినా భయపడొద్దని చెప్పండి, ఆటోసేవ్ డిఫాల్ట్‌గా నిమిషానికోసారి జరుగుతుంది, మళ్ళీ లాగిన్ అయితే అక్కడి నుంచే ఉంటుంది. కానీ క్రాన్ అని సర్వర్‌లో టైం ప్రకారం పనులు చేసే ప్రోగ్రాం ఒకటి వెనకాల నడుస్తూ ఉండాలి, అది ఆగిపోతే టైం అయిపోయిన క్విజ్‌లు సబ్మిట్ అవ్వకుండా అలా వేలాడుతుంటాయి, నోటిఫికేషన్లు కూడా వెళ్ళవు. మీ అడ్మిన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, క్రాన్ నడుస్తోందా అని.

ఫోన్ సంగతి. మూడుల్ యాప్ ఉంది, కానీ సర్వర్‌లో మొబైల్ సర్వీసులు ఆన్ చేసి ఉండాలి. క్విజ్‌ని యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా రాసి తర్వాత సింక్ చేసే సౌకర్యం కూడా ఉంది, బస్సులో రాసుకోవచ్చు మీ పిల్లలు. అయితే దానికి టైం లిమిట్ ఉండకూడదు, ఫీడ్‌బ్యాక్ కూడా చివర్లో ఒకేసారి వచ్చే డిఫర్డ్ పద్ధతే పెట్టాలి. వెంటవెంటనే తప్పు చెప్పి మళ్ళీ ప్రయత్నించనిచ్చే ఇంటరాక్టివ్ పద్ధతి ఆఫ్‌లైన్‌లో రాదు, ఏది కావాలో మీరే చూసుకోవాలి. వీడియోలు మూడుల్‌లోకి ఎక్కించొద్దు, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి ఇక్కడ ఎంబెడ్ చేయండి, పిల్లలు క్వాలిటీ తగ్గించుకుని చూసుకుంటారు. నోట్స్ కూడా పీడీఎఫ్ బదులు పేజ్ అనే ఆప్షన్‌లో టైప్ చేస్తే ఫోన్ స్క్రీన్‌కి సరిపడా అక్షరాలు సర్దుకుంటాయి, వేళ్ళతో లాగి లాగి చదవక్కర్లేదు.

ప్రశ్నలు ఒక్కొక్కటీ ఫారంలో నింపితే ఒక యూనిట్‌కే రాత్రి అయిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో ఐకెన్ ఫార్మాట్‌లో టైప్ చేసి ఇంపోర్ట్ చేయండి. ప్రశ్న ఒక లైను, కింద ఒక్కో ఆప్షన్ ఒక్కో లైను, ముందు ఇంగ్లీష్ పెద్దక్షరం, చుక్క, ఒక ఖాళీ, ఆఖరి లైన్‌లో ఆన్సర్ అన్న మాట కూడా ఇంగ్లీష్ పెద్దక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, సరైన అక్షరం. ప్రశ్న తెలుగులో ఉన్నా ఈ అక్షరాలు మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉండాలి. కానీ పైన సార్ చెప్పిన ఆప్షన్‌కో ఫీడ్‌బ్యాక్ ఐకెన్‌లో రాదు, దానికి గిఫ్ట్ ఫార్మాట్ వాడాలి, సరైనదాని ముందు ఈక్వల్, తప్పువాటి ముందు టిల్డే (~), ఒక్కో ఆప్షన్ వెనకే హ్యాష్ పెట్టి ఫీడ్‌బ్యాక్. రెండు రోజుల్లో చెయ్యి అలవాటవుతుంది. ఏదైనా సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. పిల్లల పేర్ల లిస్ట్ ఎక్సెల్ నుంచి ఎక్కించినా అంతే.

తెలుగు_శాఖ

కోనసీమ మేడం, తెలుగు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను, నేను తెలుగు లెక్చరర్‌ని, మహిళా కళాశాలలో.

పెట్టొచ్చండి, నిక్షేపంగా పెట్టొచ్చు. కానీ మీ పాత నోట్స్ అను ఫాంట్లలో ఉంటే అది ముందు మార్చుకోవాలి. అను ఫాంట్ అంటే లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీష్ గుర్తులకి తెలుగు బొమ్మ తొడిగింది, మూడుల్‌లో పేస్ట్ చేయగానే ఆ తొడుగు ఊడిపోయి పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, అయితే మార్చాక ఒత్తులు, రావత్తు, అంకెలు ఒక్కసారి కళ్ళతో చూసుకోవాలి, నాకైతే ప్రతి పేజీలో నాలుగైదు చోట్ల సరిచేయాల్సి వచ్చింది. కొత్తగా రాసేవి ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పేస్తే సగం పని అయిపోతుంది.

షార్ట్ ఆన్సర్ రకం ప్రశ్నలు తెలుగులో పెట్టకండి, నేను పెట్టి పిల్లల్ని ఏడిపించాను. కంప్యూటర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఉపాంత ప్రయోజనం అని మీరు పెడితే ఒకరు ఉపాంత ప్రయోజనము అని రాస్తారు, ఇంకొకరు మార్జినల్ యుటిలిటీ అని తెలుగు లిపిలో రాస్తారు, అన్నీ సరైనవే, మూడుల్ మాత్రం సున్నా వేస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే కొన్ని మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, ఒక కీబోర్డ్ దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు, రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి కానీ కంప్యూటర్‌కి రెండు వేరు మాటలు. ఒకమ్మాయి సరిగ్గా రాసి కూడా సున్నా వచ్చిందని నా దగ్గరికొచ్చి నిలబడితే, నాకు ఎందుకో తెలుసుకోవడానికి వారం పట్టింది. జతపరచడం, మల్టిపుల్ ఛాయిస్ వాడండి, హాయి.

మీకు నేను గట్టిగా చెప్పేది గ్లాసరీ, అంటే మాటలకి అర్థాలు రాసుకునే పట్టిక. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి అసలు గోడ అక్కడే ఉంటుంది. వ్యాకోచత్వం అంటే తెలిసిన పిల్ల ఎలాస్టిసిటీ అనగానే బిగుసుకుపోతుంది, తనకి వచ్చిన విషయమే అని తెలీదు. గ్లాసరీలో ఒక్కో మాట ఒక్కో స్టూడెంట్‌కి ఇచ్చి, ఇంగ్లీష్ మాట తెలుగు లిపిలో, తెలుగు మాట, తన ఊళ్ళోంచి ఒక ఉదాహరణ, ఇవి మూడూ రాయమనండి. మీరు చూసి అప్రూవ్ చేశాకే అందరికీ కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆటో లింక్ ఆన్ చేస్తే మీ నోట్స్‌లో ఆ మాట ఎక్కడొచ్చినా దానంతటదే లింక్ అవుతుంది, నొక్కితే అర్థం తెరుచుకుంటుంది. తెలుగులో ఒక చిక్కుంది, ప్రయోజనం అని పెడితే ప్రయోజనాన్ని అన్నచోట లింక్ రాదు, విభక్తి చేరితే మాట రూపమే మారిపోతుంది కదా. ప్రతి ఎంట్రీ కింద కీవర్డ్స్ డబ్బా ఉంటుంది, అందులో ప్రయోజనాన్ని, ప్రయోజనానికి అని లైనుకొకటి రాసుకుంటే పనైపోతుంది. మా పిల్లలు ఛందస్సు మాటలతో చేశారు, ఈ ఏడు పిల్లలు నిరుటి పిల్లలు రాసినవే చదువుకుంటున్నారు, ఎంట్రీ కింద తమ అక్క పేరు చూసుకుని మురిసిపోయినవాళ్ళున్నారు.

ఫైనల్‌ఇయర్_బీకాం

స్టూడెంట్‌ని కూడా చెప్పొచ్చా? మా కాలేజీలో మూడేళ్ళుగా మూడుల్ ఉంది, ఏడు సబ్జెక్టుల్లో రెండు మాత్రమే మేం నిజంగా తెరుస్తాం, ఎందుకో చెప్తా.

మిగతావాటిలో ఏం చేయాలో తెలీదు మేడం. తెరిస్తే నలభై ఫైళ్ళు, యూనిట్ వన్ న్యూ, యూనిట్ వన్ ఫైనల్, యూనిట్ వన్ ఫైనల్ రెండు, ఏది చదవాలి? మేం తెరిచే రెండిట్లో ఒకదాన్లో మా సార్ ప్రతి వారం పైన మూడు లైన్లు రాస్తారు, ఈ వారం ఇది చదవండి, ఇది రాయండి, ఇంతసేపు పడుతుంది అని. అంతే. అది చూసి నేను బస్సులో చేసేస్తా. పాతవారాలన్నీ మూసేసి ఈ వారమే కనపడేలా పెడతారు.

డెడ్‌లైన్ రాత్రి పన్నెండు పెట్టకండి ప్లీజ్, మా ఇంట్లో మంచి ఫోన్ ఒక్కటే, నాన్న దగ్గర ఉంటుంది, ఆయన ఆటో పెట్టేసి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, తర్వాత తమ్ముడికి కూడా కావాలి. నాలాంటి వాళ్ళు క్లాసులో చాలామందే ఉంటారు కానీ ఎవరూ చెప్పరు. రెండు రోజులు తెరిచి ఉంచితే ఎలాగో ఒకలా చేసుకుంటాం.

ఫోరంలో ఎవరూ రాయరు అని టీచర్లు అంటారు, అక్కడ పేరు కనిపిస్తుంది మేడం, ఇంగ్లీష్ తప్పు రాస్తే నవ్వుతారని భయం. మా కామర్స్ మేడం తెలుగులో రాయండి, ఎలా వస్తే అలా రాయండి అని తనే ముందు తెలుగులో ఒక డౌట్ రాసి పెట్టారు, అప్పటి నుంచి రాస్తున్నాం. క్యూ అండ్ ఏ అని ఒక రకం ఫోరం ఉంటుంది కదా, మనం రాశాకే మిగతావాళ్ళవి కనిపిస్తాయి, అది బాగుంటుంది, ముందే టాపర్ రాసింది చూసి ఇక మనకెందుకులే అని ఆగిపోము.

ఇంకొకటి, మార్కులు లేకపోతే మొదటి రెండు వారాలు చేస్తాం, ఆ తర్వాత రికార్డులు, మిడ్స్, అన్నీ మీద పడితే మార్కులు లేనిదే ముందు వదిలేస్తాం. సార్ ఏమనుకోకండి, ఉన్నది చెప్పాను.

పాత_సుద్దముక్క

ఏమనుకుంట బిడ్డా, నువ్వు చెప్పింది నిజమే. మా కాలేజ్‌ల హాస్టల్ పిల్లలెక్కువ, వాళ్ళకు టైం ఉంటది, బస్సుల తిరిగేటోళ్ళ సంగతి నేను అంత ఆలోచించలే. మేడం, అట్లయితే కొంచెం మార్కులు పెట్టండి, కానీ తప్పుకు భయపడకుండ పెట్టాలె. ఎన్నిసార్లన్న రాయొచ్చు, ఎక్కువొచ్చిందే లెక్క అని సెట్ చేయొచ్చు. గ్రేడ్‌బుక్‌ల కేటగిరీకి తక్కువొచ్చినవి కొన్ని వదిలేసే సెట్టింగ్ కూడ ఉన్నది, పది క్విజ్‌లల్ల రెండు వదిలెయ్యండి, జ్వరమొచ్చినోడు, ఫోన్ దొరకనోడు నష్టపోడు. మొత్తం కలిపి అయిదు మార్కులు దాటనియ్యకండి.

డాలస్_టీఏ

నేను ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండేళ్ళు టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా చేశాను, మాకు మూడుల్ లాంటిదే కాన్వాస్ అని ఉండేది, మూడుల్ కాదు, కానీ దిద్దే బాధ ఎక్కడైనా ఒకటే. నా చేతిలో ఒక సెక్షన్‌లో తొంభై మంది ఉండేవాళ్ళు. రూబ్రిక్, అంటే దేనికి ఎన్ని మార్కులో ముందే రాసుకున్న పట్టిక, లేకుండా ఒక వారం దిద్దాను, మొదటి ఇరవై పేపర్లకి ఒక చెయ్యి, చివరి ఇరవైకి ఇంకో చెయ్యి, నాకే అన్యాయం అనిపించింది. మూడుల్‌లో కూడా అసైన్‌మెంట్ గ్రేడింగ్‌లో రూబ్రిక్ పెట్టుకోవచ్చు మేడం, రేఖాచిత్రం సరిగ్గా గీశారా, అక్షాలకి పేర్లు రాశారా, కారణం చెప్పారా, ఉదాహరణ సొంతదా, ఇలా నాలుగు వరసలు చాలు, క్లిక్ చేసుకుంటూ పోవడమే. రాసేముందే పిల్లలకి అది చూపించండి, చాలామంది దాన్ని చూసి తామే సరిచేసుకుంటారు. సెమిస్టర్‌కి ఆరు అసైన్‌మెంట్లు ఇచ్చి ఏదీ సరిగ్గా చూడకుండా సంతకం పెట్టేకంటే రెండే ఇచ్చి రెండిటికీ ఒక్కో వాక్యం కామెంట్ రాయండి.

ఎకనామిక్స్ కాబట్టి ఇంకోటి, లెక్కలున్నచోట క్యాలిక్యులేటెడ్ ప్రశ్న వాడండి. ధర, పరిమాణం అంకెల బదులు గుర్తులు పెట్టి, జవాబుకి ఫార్ములా ఇస్తే ప్రతి స్టూడెంట్‌కీ వేరే అంకెలు వస్తాయి. వ్యాకోచత్వం లెక్క వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపుకున్నా పనికిరాదు, ఎలా చేశావు అని అడగాల్సిందే, అడిగితే నేర్చుకున్నట్టే కదా. థియరీ ప్రశ్నలకి క్వశ్చన్ బ్యాంక్‌లో ఒక్కో టాపిక్‌కి పదిహేను రాసుకుని అందులోంచి నాలుగు ర్యాండమ్‌గా తీయమనండి. ఇంటికిచ్చే వ్యాసాలు మాత్రం ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతుంది, అందుకే మీ ఊరి సంత, మీ ఇంటి ఖర్చు అని అడగండి, అది వాళ్ళు వెళ్ళి చూస్తేనే రాయగలరు.

కోనసీమ_ఎకో

నాలుగు వారాల తర్వాత వస్తున్నాను, ఏమైందో చెప్పకుండా ఉండలేకపోయాను.

ముందు మా అడ్మిన్‌ని క్రాన్ గురించి అడిగాను, నిజంగానే ఆగిపోయి ఉంది, ఆయనే ఆశ్చర్యపోయారు. ఫైల్ లిమిట్ పెంచారు. ఒక్కో వారానికి పైన మూడు లైన్లు, కింద ఒక పేజీ నోట్స్, ఆరు ప్రశ్నల క్విజ్, అంతే పెట్టాను. క్విజ్ శుక్రవారం నాలుగింటి నుంచి ఆదివారం రాత్రి పదింటి దాకా. మొత్తం పది క్విజ్‌లకి కలిపి అయిదు మార్కులు, తక్కువొచ్చినవి రెండు వదిలేసేలా.

మొదటి వారం 61 మంది రాశారు, మూడో వారానికి 97. కానీ నాకు ముఖ్యం రెండో వారం. కొబ్బరికాయ ధర పెరిగింది, డిమాండ్ రేఖకి ఏమవుతుంది అని అడిగాను. రేఖ ఎడమకి జరుగుతుంది అన్నది నేను పదకొండేళ్ళుగా పేపర్లలో చూస్తున్న తప్పు, ఆప్షన్‌గా పెట్టాను. రాసినవాళ్ళలో మూడొంతుల్లో రెండొంతులకి పైగా అదే నొక్కారు. అంతకుముందు రోజే క్లాసులో ఇదే చెప్పి, అర్థమైందా అంటే అందరూ తలూపారు.

సోమవారం నోట్స్ పక్కన పెట్టి ఆ ప్రశ్నతోనే మొదలెట్టాను. మీ వీధిలో కాయ రేటు తగ్గితే అమ్మ రెండు ఎక్కువ కొంటుంది, అది రేటు వల్ల, అంటే ఉన్న రేఖ మీదే కిందికి దిగడం. రేటు మారకపోయినా శ్రావణ మాసం రాగానే ఇంటింటికీ కాయలు కావాలి, అది రేఖే కుడికి జరగడం. ఇది చెప్తుంటే వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని అబ్బాయి లేచి, మా నాన్న కొబ్బరి దింపు కూలీ మేడం, పండగ ముందు రేటు కూడా పెరుగుతుంది కాయలూ ఎక్కువ పోతాయి, మరి ధర పెరిగితే కొనడం తగ్గాలి కదా అన్నాడు. నాకు ఆ ప్రశ్న కోసం పదకొండేళ్ళు ఎదురుచూసినట్టనిపించింది. ఆ గంటంతా దానిమీదే అయిపోయింది, రేఖ జరిగితే సమతౌల్య ధర, అంటే డిమాండ్, సప్లయ్ కలిసే ధర, ఎలా మారుతుందో సిలబస్‌లో మూడు వారాల తర్వాత రావాల్సింది ఆ రోజే చెప్పేశాను. అదే ప్రశ్న అంకెలు, సరుకు మార్చి మామిడికాయతో మూడో వారం క్విజ్‌లో మళ్ళీ పెట్టాను, ఈసారి తప్పింది 19 మంది. ఆ 19 మందినీ పేర్లతో తెలుసు ఇప్పుడు నాకు, మధ్యాహ్నం గంట వాళ్ళతో కూర్చుంటున్నాను.

గ్లాసరీ ఇప్పుడే మొదలైంది, 34 మాటలొచ్చాయి. వాటిలో ఒకటి ప్రత్యామ్నాయ వస్తువులు, ఒకమ్మాయి టీ, కాఫీ అని పుస్తకంలో ఉన్నది రాయకుండా వేసవిలో మా బడ్డీ కొట్టులో కొబ్బరి బొండం, నిమ్మ సోడా అని రాసింది, బొండం రేటు పెరిగిన రోజు సోడాలు ఎన్ని ఎక్కువ పోయాయో కొట్టు లెక్క కూడా పెట్టింది.

అసైన్‌మెంట్ రూబ్రిక్ ఇంకా వాడలేదు, వచ్చే వారం. ఒకటే అడగాలి, ఇదంతా వచ్చే ఏడాది పిల్లలకి మళ్ళీ వాడుకోవాలంటే ఎలా? సర్వర్ మార్చేస్తామని మాటలు వినపడుతున్నాయి, పోతుందేమోనని భయంగా ఉంది.

సర్వర్‌రూమ్

క్రాన్ సంగతి విని చాలా సంతోషం మేడం. పోదు, కానీ సర్వర్‌ని నమ్మకండి, మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. కోర్స్‌లో బ్యాకప్ అని ఉంటుంది, అందులో యూజర్ల డేటా టిక్ తీసేసి బ్యాకప్ తీస్తే నోట్స్, క్విజ్‌లు, ప్రశ్నలు అన్నీ ఒక ఫైల్‌గా వస్తాయి, చివర ఎంబీజెడ్ అని ఉంటుంది. అది పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌లో ఒకటి ఉంచుకోండి. అదే వెర్షన్ గానీ ఇంకా కొత్త వెర్షన్ గానీ ఉన్న ఏ మూడుల్‌లో అయినా రీస్టోర్ చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, యూజర్ల టిక్ తీస్తే గ్లాసరీలో పిల్లలు రాసినవి బ్యాకప్‌లో రావు, అవి వాళ్ళ పేరుమీద ఉంటాయి కాబట్టి. గ్లాసరీలోకి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ ఎంట్రీస్ అని విడిగా తీసి పెట్టుకోండి, ఆ బొండం, సోడా మాట పోగొట్టుకోవద్దు.